ముందు ఏ మట్టి?

విద్యార్థిని: ఈ వేసవిలో ఏథెన్స్‌లోని పురాతన కూడలి, అగోరా తవ్వకానికి దరఖాస్తు పెడదామనుకుంటున్నాను సార్. మీరేమో సిఫారసు లేఖ ఇప్పుడే వద్దన్నారు. ఎందుకు వద్దో అడిగే ముందు నేనెందుకు వెళ్ళాలనుకుంటున్నానో చెప్తాను. పురావస్తుశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. పొరల గురించి పరీక్ష రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. కానీ ఒక గోడ పక్కన పునాది గుంత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నా చేత్తో గీకి తేల్చింది లేదు. తవ్వకం చూడ్డానికి తీసుకెళ్ళారు. గట్టుమీద వరసగా నిలబడ్డాం, నోట్సు రాసుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం, బస్సెక్కి వచ్చేశాం. మన దేశంలో ఎవరు తవ్వాలన్నా 1958 చట్టం కింద లైసెన్సు కావాలి. అవి ఏటా కొన్నే. వాటిలో విశ్వవిద్యాలయాలకు దక్కేవి ఇంకా తక్కువ. అగోరాలో 1931 నుంచి తవ్వుతున్నారు. ఇప్పుడు ప్రతి వేసవీ అక్కడ ట్రెంచ్‌లో ఉండేది ఎక్కువగా విద్యార్థులే. మట్టి తవ్వేదీ వాళ్ళే, తాపీతో గీకేదీ వాళ్ళే, సాయంత్రం కూర్చుని పెంకులు కడిగేదీ వాళ్ళే. నాకు కావాల్సింది అది.

ఆచార్యుడు: నువ్వు కోరుకునేది మంచిదేనమ్మా. వరస తప్పిందన్నాను, అంతే. నీ చేతికి ముందు అలవాటు కావాల్సిన మట్టి ఏది? నల్లరేగడి ఎండాకాలంలో ఎలా నెర్రెలిస్తుందో చూశావు కదా. మోచెయ్యి దాకా పట్టే నెర్రెలు. పైపొరలో ఉన్న పూస, చిన్న పెంకు, నాణెం ఆ సందులోంచి జారి ఎక్కడో కింద పడతాయి. తొలకరి పడగానే మట్టి ఉబ్బి నెర్రె మూసుకుపోతుంది, ఆనవాలు కూడా మిగలదు. తర్వాత తవ్వినవాడు ఆ పూస కింది పొరదేననుకుని, దాని వయసుకు కొన్ని వందల ఏళ్ళు కలిపేస్తాడు. ఇది గ్రీసులో ఎవరూ నీకు నేర్పరు. అక్కడ రాతి పునాదులు, రాతి బావులు, రాతి కాలవలు. రాతిగోడ దొరికేచోట నేర్చిన కన్ను రాతిగోడనే వెతుకుతుంది. మన దగ్గర మట్టిగోడ కూలి మట్టిలోనే కలిసి ఉంటుంది. ఏది గోడ, ఏది దాని మీద పడ్డ మట్టి అన్నది తేమలో తెలుస్తుంది, పొద్దుటి ఏటవాలు వెలుతురులో రంగు తేడాలో తెలుస్తుంది, తాపీ గీకినప్పుడు వచ్చే చప్పుడులో తెలుస్తుంది. ఆ చెవి ఇక్కడే తయారవుతుంది.

విద్యార్థిని: మట్టికి ఊరుంటుంది సార్, పద్ధతికి ఉండదు. మీరే క్లాసులో చెప్పిన ఉలవల సంగతి తీసుకోండి. 1990లలో డోరియన్ ఫుల్లర్ కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థిగా ఉండగా మన వైపు వచ్చాడు. రవి కొరిశెట్టర్ లాంటి ఇక్కడి పరిశోధకులతో కలిసి కర్ణాటకలో, రాయలసీమలో కొత్తరాతియుగపు ఊళ్ళ మట్టిని నీళ్ళలో కలిపి చూశాడు. కాలి బొగ్గైన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్నటి వలగుడ్డలో పట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పెడితే ఉలవలు, పెసలు, అండుకొర్రలు కనిపించాయి. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట మనవాళ్ళు పొయ్యిమీద ఏం పెట్టుకున్నారో అలా తెలిసింది. అంతకుముందు జరిగిన చాలా తవ్వకాల్లో ఆ మట్టిని తట్టలకెత్తి అవతల పోశారు. ఆ మట్టిలో పుట్టి పెరిగినవాళ్ళున్నారు, ఆ మట్టి గురించి పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. అలా ఊరూరా నీళ్ళతొట్టి పెట్టి చూసింది మాత్రం బయట నేర్చుకుని వచ్చిన మనిషి.

ఆచార్యుడు: ఒప్పుకుంటాను. ఆ పని జరక్కపోతే నేను క్లాసులో చెప్పడానికి అంత పాఠం ఉండేది కాదు. కానీ అదే సంగతి ఇంకో వైపు నుంచి చూడు. ఆయన ఒక వేసవికి వచ్చి సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోలేదు. ఏళ్ళ తరబడి ఇక్కడి పంటలు, ఇక్కడి కలుపుమొక్కలు చదివాడు. కాలిపోయిన అండుకొర్రను గుర్తుపట్టాలంటే పచ్చి అండుకొర్ర తెలిసుండాలి.

ఇక బయట చూపు అన్నావు కాబట్టి అరికమేడు సంగతి కూడా చెప్తాను. 1945లో బ్రిటిష్ పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి పక్కన అక్కడ తవ్వాడు. ఇటలీ నుంచి వచ్చిన ఎర్రటి అరెటైన్ పాత్రల పెంకులు దొరికాయి. వాటితో ఆ ఊరి కాలం తేలింది, దక్షిణ దేశపు చరిత్రకు ఒక గట్టి తేదీ దొరికింది. అది పెద్ద పనే. కానీ అక్కడే లోపలి అడుగున చుట్టూ సన్నటి గాట్ల వరుసలున్న నున్నటి పళ్ళేలు కూడా దొరికాయి. రౌలెటెడ్ వేర్ అంటున్నాం. మధ్యధరా సముద్రం వైపు చూసి పెరిగిన కన్ను ఆయనది. ఆ పద్ధతి అటుదేననీ, వాటిలో మేలైనవి అటునుంచే వచ్చాయనీ అనుకున్నాడు. అవే పెంకులు మన అమరావతిలో ఉన్నాయి, శాలిహుండంలో ఉన్నాయి. తీరమంతా ఉన్నాయి. అవి ఈ దేశపు కుమ్మరి చేతివేనని తేలడానికి దశాబ్దాలు పట్టింది. అన్నాళ్ళూ మన సారె మీద తిరిగిన మట్టిని మనమే పరాయి ఖాతాలో రాసుకున్నాం. పరదేశంలో నేర్చుకున్నది చేతికే కాదు, కంటికి కూడా పడుతుందమ్మా. నా భయం అదే.

విద్యార్థిని: ఆ పొరపాటు ఎలా బయటపడిందో కూడా చెప్పండి సార్. వీలర్ ఏ పొరలో ఏ పెంకు దొరికిందో గీసి, లెక్క రాసి, మరుసటి ఏడాదే 1946లో అచ్చువేశాడు. గీసిపెట్టాడు కాబట్టే తర్వాత విమలా బెగ్లీ లాంటివాళ్ళు ఆ బొమ్మలూ పెంకులూ ముందు పెట్టుకుని వాదించగలిగారు. 1989 నుంచి 1992 దాకా ఆమె అరికమేడులోనే మళ్ళీ తవ్వింది. వీలర్ అభిప్రాయం తప్పయింది, ఆయన రికార్డు నిలబడింది. నేను నేర్చుకోవాలనుకునేది అభిప్రాయాలు కాదు, ఆ రికార్డు రాసే పద్ధతి. నా అభిప్రాయం రేపు తప్పని తేలినా, నా నోటుబుక్కు చూసి ఇంకొకరు సరిదిద్దగలగాలి.

ఇప్పుడు మన నాగార్జునకొండ చూడండి. తవ్వకం 1960లో ముగిసింది. నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. రెండోది 2006లో. నలభై ఆరేళ్ళు. ఆ లోయ ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. అనుమానమొస్తే వెళ్ళి చూసుకోవడానికి లేదు. మళ్ళీ తవ్వే వీలే లేని చోటుకు రికార్డు తప్ప ఇంకేముంది? అగోరా తవ్వకపు నోటుబుక్కుల్ని స్కాన్ చేసి అందరికీ తెరిచిపెట్టారు. 1930ల నాటి పేజీలు నా ఫోన్‌లో చూశాను. ఏ రోజు ఎక్కడ ఎంత లోతుకు వెళ్ళారు, ఏ మట్టి వచ్చింది, ఏ వస్తువుకు ఏ నంబరు, పక్కనే దాని చిన్న బొమ్మ. ఏథెన్స్ మొహం చూడని నేను హైదరాబాద్‌లో కూర్చుని ఆ రోజు పని మీద ప్రశ్న వెయ్యగలను. మన తవ్వకాల్లో ఎన్నింటి మీద అలా వెయ్యగలను సార్?

ఆచార్యుడు: ఆ తేదీల మీద నా దగ్గర జవాబు లేదు. నివేదిక రాని తవ్వకం తవ్వకమే కాదని నేను మీ సీనియర్లకు కూడా చెప్పాను. రాయడమన్నది మన దగ్గర ఎప్పుడూ చివరి పనే అవుతూ వచ్చింది. బదిలీలు, పదవీ విరమణలు, గోదాముల్లో సంచులు. దాన్ని నేను సమర్థించను.

కానీ నాగార్జునకొండను ఆ ఒక్క తేదీతో కొలిచి పక్కన పెట్టకు. 1954లో మొదలుపెట్టారు. ఒకపక్క ఆనకట్ట లేస్తోంది, ఇంకోపక్క లోయ మొత్తం తవ్వాలి. పాతరాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల విహారాల దాకా, ఆ తర్వాతి కాలాలు కూడా, అన్నీ ఒక్క లోయలో. ఆర్. సుబ్రహ్మణ్యం, ఆయన జట్టు ఆరేళ్ళలో దాన్ని తవ్వారు. కొన్ని కట్టడాలను రాయికి రాయి విప్పి, నీళ్ళు అందని కొండమీద, అనుపులో మళ్ళీ నిలబెట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్ళను తరలించింది 1964 నుంచి 1968 దాకా. ప్రపంచమంతా దాన్ని చెప్పుకుంటుంది. మనవాళ్ళు దానికి ముందే మొదలుపెట్టి, దానిలో లేశమంత డబ్బు కూడా లేకుండా చేశారు. అంత పని చేసిన నేల మీద పుట్టి, నేర్చుకోవడానికి ఇక్కడ ఏముందని నువ్వంటే నాకు బాధ.

విద్యార్థిని: ఇక్కడ ఏమీ లేదని నేననలేదు సార్. దొరకనివ్వడం లేదన్నాను. అయినా ఆ తరానికి తవ్వడం ఎవరు నేర్పారు? 1944లో తక్షశిలలో వీలర్ పెట్టిన శిబిరంలో బి.బి. లాల్, బి.కె. థాపర్ లాంటివాళ్ళు విద్యార్థులు. గళ్ళు కొట్టి, మధ్యలో గట్లు వదిలి తవ్వడం, ఆ గట్టు ముఖం మీద పొరలు చదవడం అక్కడినుంచే దేశమంతా పాకింది. అదే లాల్ 1962లో మన దేశపు జట్టును తీసుకుని ఈజిప్టులో, అస్వాన్ నీళ్ళలో మునిగిపోబోతున్న నూబియాకు వెళ్ళి అఫ్యేలో తవ్వాడు. నైలు మట్టి అర్థం కాదు, ముందు యమునా మట్టి పూర్తిగా నేర్చుకో అని ఆయన్ని ఎవరూ ఆపలేదు.

హెచ్.డి. సంకాలియా మరీ దగ్గరి ఉదాహరణ. 1930లలో లండన్‌లో చదువుకునేటప్పుడు ఇంగ్లండులో మెయిడెన్ కాసిల్ తవ్వకంలో వీలర్ దగ్గర పనిచేశాడు. అంటే ఇప్పుడు నేను వెళ్తానంటున్నట్టే వెళ్ళాడు. ఆ తర్వాత పుణె దక్కన్ కాలేజీలో ఆయన కట్టిన విభాగం నుంచి ఎన్ని వందలమంది వచ్చారో మీకు తెలుసు. మీ గురువులు కూడా అక్కడివాళ్ళేనని మీరే చెప్పారు.

ఆచార్యుడు: సంకాలియా పేరు ఎత్తుతావని అనుకున్నాను. మంచి పేరే ఎత్తావు. ఆయన వెనక్కి వచ్చేసరికి 1939లో దక్కన్ కాలేజీ తలుపు తెరిచి ఉంది. చేతికి ఉద్యోగం, వెంట విద్యార్థులు, తవ్వడానికి చోటు దొరికాయి. నువ్వు వెనక్కి వచ్చేసరికి ఏ తలుపు తెరిచి ఉంటుంది? మన రెండు రాష్ట్రాల్లో పురావస్తు శాఖల్లో ఖాళీలు ఎన్నేళ్ళుగా అలాగే ఉన్నాయో నీకు తెలుసు. బయట నేర్చుకున్న పిల్లలు బయటే పీహెచ్‌డీలో చేరతారు. వాళ్ళ తప్పు నేననను. కానీ నేనివ్వబోయే సిఫారసు లేఖ పరదేశానికి రాసే వీడ్కోలు లేఖ అవుతోంది.

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం. చాలా ఫీల్డ్ స్కూళ్ళు విద్యార్థి దగ్గరే రుసుము తీసుకుంటాయి. దానికి విమానం, వీసా, బీమా కలిపితే లక్షల్లో మాట. కొన్ని తవ్వకాలు రుసుము అడగవు, ఉండడానికి చోటు కూడా ఇస్తాయి. అయినా దారి ఖర్చు మనదే. నీ పక్క బెంచీలో కూర్చునే పిల్లల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే హాల్ టికెట్ కోసం తిరిగేవాళ్ళున్నారు. రేపు ఒక ఉద్యోగానికో ఫెలోషిప్పుకో మీరందరూ వెళ్తారు. విదేశీ తవ్వకం అన్న ఒక్క పంక్తి నీ బయోడేటాలో ఉంటుంది, వాళ్ళ బయోడేటాలో ఉండదు. నీకంటే మంచి చెయ్యి ఉన్న పిల్ల ఆ పంక్తి లేక వెనకబడుతుంది. ఈ శాస్త్రం చివరికి టికెట్ కొనగలిగినవాళ్ళ చేతికి పోతుంది.

విద్యార్థిని: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు సార్. మా నాన్న పీఎఫ్‌లోంచి తీస్తానన్నాడు. తీసే వీలుంది కాబట్టి నేను ఈ మాట మాట్లాడగలుగుతున్నానని నాకు తెలుసు. కానీ నేను వెళ్ళకపోతే ఆ పిల్లకు ఏం దక్కుతుంది? ఇద్దరం గట్టుమీదే నిలబడతాం.

చెయ్యి మాట మీరే ఎత్తారు కాబట్టి ఒకటి అడుగుతాను. మన ట్రెంచ్‌లో తవ్వేది ఎవరు? పక్క ఊరి నుంచి రోజు కూలికి వచ్చిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. మొదటి పెంకు తగిలేదీ వాళ్ళకే, మట్టి మారిందని ముందు తెలిసేదీ వాళ్ళకే. మేం పైన నిలబడి చీటీ రాస్తాం. నివేదికలో మా పేర్లుంటాయి, వాళ్ళవి ఉండవు. తట్ట మోసేవాళ్ళు వేరు, పొరలకు పేర్లు పెట్టేవాళ్ళు వేరు అన్న ఈ గీత నాకు నచ్చదు. విద్యార్థి గునపం పట్టే చోటికి వెళ్తానంటున్నది అందుక్కూడా.

ఆచార్యుడు: ఆ గీత ఉన్న మాట నిజం. నేను చూసిన ట్రెంచ్‌లలో అందరికంటే పదునైన కన్ను ఒక కూలీ ఆడమనిషిది. మట్టిని చేతిలోకి తీసుకుని నలిపి, ఇది పూడ్చిన మట్టి, పుట్టిన మట్టి కాదు అనేది. సర్వేయర్ కంటే ముందు చెప్పేది. ఆమె పేరు ఏ నివేదికలోనూ రాలేదు. కానీ ఆ గీత చెరపడానికి నువ్వు అక్కడ గునపం పట్టడం కంటే ఇక్కడ ఆమె పక్కన కూర్చోవడం దగ్గరి దారి కాదా?

ఆ గీత విదేశంలో లేదని కూడా అనుకోకు. ఈజిప్టులో 1890లలో ఫ్లిండర్స్ పెట్రీ కుఫ్త్ అనే ఊరివాళ్ళకు తవ్వడం నేర్పాడు. తరాల తరబడి ఆ ఊరి మనుషులే విదేశీ జట్ల తవ్వకాల్లో మేస్త్రీలు. పుస్తకాల మీద పేర్లు మాత్రం విదేశీ ప్రొఫెసర్లవి. నువ్వు వెళ్తానంటున్న అగోరా సంగతి కూడా తెలుసుకుని వెళ్ళు. ఆ పురాతన నగరపు కూడలి మీద వ్రిసాకి అనే పేట ఉండేది. జనం కాపురాలున్న పేట. 1930లలో అమెరికన్ల తవ్వకం కోసం దాన్ని ఖాళీ చేయించి వందల ఇళ్ళు కూల్చేశారు. రాక్‌ఫెల్లర్ డబ్బు, అమెరికన్ స్కూలు, గ్రీకు ప్రభుత్వ చట్టం కలిసి ఆ పని చేశాయి. ప్రజాస్వామ్యం పుట్టిన చోటు బయటపడింది, నిజమే. అక్కడ పుట్టి పెరిగిన కుటుంబాలు వెళ్ళిపోయాయి, అదీ నిజమే. వాళ్ళ గుమ్మాలున్న చోట నువ్వు తాపీ నేర్చుకుంటావు.

విద్యార్థిని: తెలుసుకునే వెళ్తాను సార్. నాగార్జునసాగర్ కింద ఊళ్ళు మునిగిన సంగతి తెలిసి కూడా నాగార్జునకొండ మ్యూజియానికి మన పిల్లల్ని తీసుకెళ్తున్నాం కదా. తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళడం వేరు. గ్రీసులో ఇప్పుడు దొరికినవన్నీ గ్రీసువే, ఒక్క పెంకు కూడా దేశం దాటదు. అగోరాలో దొరికినవి ఆ కూడలిలోనే తిరిగి కట్టిన పురాతన వసారా, అట్టలోస్ స్టోవాలో ఉన్నాయి. మన అమరావతి రాళ్ళలా లండన్ చేరలేదు.

ఎక్కడ తవ్వకూడదో చెప్పే నియమాలు కూడా ఉన్నాయి. 1956లో యునెస్కో మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది. అంతర్జాతీయ తవ్వకాలు ఎలా జరగాలో అక్కడే సిఫారసులు ఆమోదించారు. సైన్యంతో ఆక్రమించిన నేలలో తవ్వొద్దని, పెద్ద చోట్లలో కొంత భాగం తర్వాతివాళ్ళ కోసం తవ్వకుండా వదలమని, ఫలితాలు సకాలంలో అచ్చువేయమని అందులో ఉంది. దేశాలు ఒకరి తవ్వకాల్లో ఒకరు పాలుపంచుకోవాలని కూడా ఉంది. ఆ ఢిల్లీ మాటనే నేను పాటిస్తానంటున్నాను.

పరాయి కన్ను ఎప్పుడూ మోసమేనా? 1929లో కాథ్లీన్ కెన్యన్ ఆక్స్‌ఫర్డ్ చదువు అప్పుడే ముగించిన అమ్మాయి. గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ జట్టులో ఫొటోలు తీయడానికి ఆఫ్రికాలో గ్రేట్ జింబాబ్వేకు వెళ్ళింది. ఆమెకు అదే మొదటి తవ్వకం. ఆ రాతి కోటలు కట్టింది ఫినీషియన్లో, అరబ్బులో అని అక్కడి తెల్లవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. కట్టింది ఆఫ్రికన్లేనని ఆ జట్టు పొరల సాక్ష్యంతో చెప్పింది. అక్కడి నేల మీద పెత్తనం చేసినవాళ్ళు చూడనొప్పుకోనిది బయటినుంచి వచ్చినవాళ్ళు చూశారు.

ఆచార్యుడు: చూశారు, రాశారు, వెళ్ళిపోయారు. 1931లో పుస్తకం వచ్చింది. కథ అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు కూడా, అప్పట్లో రొడీషియా అనే ఆ దేశపు ప్రభుత్వం అదే పాత కథ చెప్పించాలని చూసింది. నిజం మాట్లాడిన పురావస్తువేత్త పీటర్ గార్లేక్ 1970 ప్రాంతంలో ఉద్యోగం వదిలి దేశమే విడిచి వెళ్ళాడు. ఏటా అక్కడే ఉండి, అక్కడి పిల్లలకు చెప్పి, అక్కడి ప్రభుత్వంతో తగాదా పడేవాడు కావాలమ్మా. వేసవి తవ్వకం ఆ మనిషిని తయారుచేయదు.

ఇంకొకటి చెప్తాను. ఆడపిల్లవని ఆపుతున్నానని మాత్రం అనుకోకు. 2014లో ఫీల్డ్‌వర్క్ చేసే శాస్త్రాలవాళ్ళను 666 మందిని అడిగితే, లైంగిక వేధింపులు ఎదురయ్యాయన్నవాళ్ళు 64 శాతం. ఎక్కువగా విద్యార్థి దశలో ఉన్న ఆడపిల్లలు. భాష రాని దేశం, దూరపు శిబిరం, నీ మార్కులూ సిఫారసూ అక్కడి పెద్దమనిషి చేతిలో. అది ఆలోచించావా?

విద్యార్థిని: ఆలోచించాను. ఇంట్లో వాళ్ళ భయం వేరు సార్, అది ఊరు దాటితే చాలు మొదలవుతుంది. మీరు చెప్పిన లెక్క దానికంటే గంభీరమైనది. కానీ ఆ లెక్క ఫీల్డ్‌వర్క్ అంతటికీ చెందింది, విదేశానికి మాత్రమే కాదు. మన దగ్గర అలాంటి సర్వే చేస్తే ఎంత వస్తుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఏ తవ్వకానికి దరఖాస్తు పెట్టినా ముందు అడిగేది అదే. నడవడిక నియమాలు రాసి ఉన్నాయా? ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? ఆ మనిషి డైరెక్టర్ కింద పనిచేసేవాడా, బయటివాడా? నగరం నడిబొడ్డున జరిగే తవ్వకాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. మన శాఖలో కూడా అలాంటి కాగితం ఒకటి ఉంటే బాగుంటుంది సార్.

ఆచార్యుడు: ఉండాలి. ఆ మాట నేను సమావేశంలో పెడతాను.

విద్యార్థిని: బెరెనికే గురించి మీ అభిప్రాయం కావాలి. ఈజిప్టులో, ఎర్రసముద్రం ఒడ్డున రోమన్ల కాలపు రేవు. ఒక గుడి ముంగిట నేలలో, మన దేశంలో చేసిన పెద్ద జాడీలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. 2023లో అక్కడ దొరికిన బుద్ధ విగ్రహం గురించి ఈజిప్టు ప్రకటించినప్పుడు, రెండు శాతవాహన నాణేల మాట కూడా చెప్పింది. శాతవాహనుల చరిత్ర కోటిలింగాలలోనే లేదు, ఆ ఇసుకలో కూడా ఉంది. అక్కడ తవ్వుతున్నది అమెరికన్లు, పోలండువాళ్ళు. మన నాణెం తట్టలో పడేటప్పుడు దాన్ని చూసి గుర్తుపట్టే తెలుగు విద్యార్థి ఒక్కరైనా ఆ ట్రెంచ్‌లో ఉండాలని మీకు అనిపించలేదా?

ఆచార్యుడు: అనిపించింది. ఆ వార్త చదివిన రోజు చాలాసేపు అదే ఆలోచించాను. కానీ ఆ నాణేన్ని గుర్తుపట్టాలంటే, పచ్చబడి అరిగిపోయిన నాణెం మీద ఏనుగు ఏ వైపు తిరిగిందో, ఉజ్జయిని గుర్తులో సగం మిగిలినా అది ఏమిటో తెలియాలి. అది కరీంనగర్ నాణేలు, పెద్దబంకూరు నాణేలు వందలు వందలు చేతిలో తిప్పినవాళ్ళకే తెలుస్తుంది. ఏథెన్స్‌లో వేసవి గడిపిన అమ్మాయికి అది రాదు. ఇక్కడి దిబ్బ తెలిసిన అమ్మాయి బెరెనికే వెళ్తే వాళ్ళు నీ దగ్గర నేర్చుకుంటారు. ఏమీ తెలియకుండా వెళ్తే మట్టి ఎత్తడానికి ఇంకో రెండు చేతులు మాత్రమే. నేను వరస అని మొదట్నుంచీ అంటున్నది ఇదే.

విద్యార్థిని: ఆ వందల నాణేలు ఎక్కడున్నాయి సార్? మ్యూజియం స్టోర్లలో, తాళాల వెనక. చూడాలంటే అనుమతి, అనుమతికి లేఖ, లేఖకు ఆరు నెలలు. దిబ్బ తెలుసుకోవాలంటే దిబ్బ తవ్వాలి, తవ్వాలంటే లైసెన్సు. ముందు ఇక్కడ నేర్చుకో అంటున్నారు, ఇక్కడ నేర్చుకునే దారి మూసి ఉంది. జ్వాలాపురం చూడండి. నంద్యాల దగ్గర ఊరివాళ్ళు గిన్నెలు తోమే పొడికి తవ్వి అమ్మిన తెల్లటి బూడిద, 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడింది. దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రపంచానికి తెలిసింది. కొరిశెట్టర్‌తో పాటు విదేశీ విశ్వవిద్యాలయాలవాళ్ళు వచ్చి తవ్వారు. వాళ్ళ విద్యార్థులు మన మట్టిలో నేర్చుకోవచ్చు. మన విద్యార్థులు ముందు మన మట్టి పూర్తిచేశాకే వాళ్ళ మట్టి ముట్టాలా?

ఆచార్యుడు: ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి కోపంగా కాక, నిజంగా జవాబు చెప్తాను. ఆ పిల్లలు ఇక్కడికి వచ్చేముందు వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ మట్టిలో రెండు మూడు వేసవులు తవ్వి వస్తారు. వాళ్ళకు ఆ వీలుంది. నీకు లేదు. లోటు నీది కాదు, మాది. నా తరం రాసిన దరఖాస్తులు తక్కువ, రాసినవి కూడా వెంటపడింది తక్కువ. అయినా నా మాట మారదు. పొర ఒక్కసారే తవ్వుతాం, తవ్వాక ఉండదు. మొదటిసారి తప్పులు చేసే చేతుల్ని ఇంకొకరి చరిత్ర మీదికి పంపాలంటే నా మనసు ఒప్పదు. లేఖ మాత్రం ఇస్తాను. నువ్వు ఎందుకు వెళ్తున్నావో ఇంత వివరంగా చెప్పగలిగిన విద్యార్థిని లేఖ లేక ఆపే హక్కు నాకు లేదు. అందులో నా అభ్యంతరం కూడా రాస్తాను.

విద్యార్థిని: రాయండి సార్, నేను దాచను. నా మాట కూడా మారదు. పద్ధతి తెలిసిన చెయ్యి ఏ మట్టికైనా త్వరగా అలవాటు పడుతుంది. పద్ధతి తెలియని ప్రేమ మట్టిని తట్టల్లో పారబోస్తుంది. ఒక్క విన్నపం. ఈ ఏడు మన శాఖ తరఫున ఒక చిన్న తవ్వకానికైనా లైసెన్సు దరఖాస్తు పెట్టండి. స్థలపటం గీయడం, పాత సర్వే కాగితాలు వెతకడం, ఊరి సర్పంచితో మాట్లాడడం మేం చేస్తాం. అది వస్తే ఏథెన్స్ వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుని, తట్ట మోసే దగ్గర్నుంచి మొదలుపెడతాను. రాకపోతే మాత్రం నన్ను వెళ్ళనివ్వండి.